దయచేసి కింద గీత

మంగళవారం ఉదయం గున్వర్ గోడ మీది క్యాలెండరులో రెండు పంక్తులు రాసుకున్నది. పది గంటలకు టీకా. పదిన్నరకు కాఫీ. కాఫీ రోజూ ఉండేదే అయినా ఆమె దానిని కూడా రాసుకుంటుంది. లేకపోతే నవంబరు నెల గళ్ళన్నీ ఖాళీగా కనిపిస్తాయి.

టీకా సోమవారమే తపాలాలో వచ్చింది. మంచుపెట్టె లేదు, నర్సు లేదు, అన్నిటికన్నా ముఖ్యంగా సూది లేదు. మామూలు కవరులో, చొక్కా గుండీ అంత పట్టీ ఒకటి ఉన్నది. చర్మం మీద పెట్టి బొటనవేలితో గట్టిగా నొక్కితే చాలు, దాని అడుగున ఉన్న కంటికి ఆనని మొనలు చర్మంలోకి దిగి కరిగిపోతాయి, వాటితోపాటు జలుబు జ్వరపు టీకా కూడా లోపలికి పోతుంది. ప్రభుత్వ పరిశోధనశాల వారు దానిని ఇళ్ళలో పరీక్షించి చూస్తున్నారు. సగంమందికి మందున్న పట్టీ, సగంమందికి ఉత్త పట్టీ. ఎవరికి ఏది వచ్చిందో ఎనిమిది వారాల తరవాత ఉత్తరం రాసి చెబుతారు. నెల కిందటే వచ్చిన వివరాల కాగితాలన్నీ గున్వర్ మూడుసార్లు చదివింది. కవరు మీద "సూది లేని టీకా" అని అచ్చువేసి, లోపలి కాగితంలో "నాలుగు వందల మొనలు" అని రాయడం న్యాయమేనా అని వారికి ఒక ఉత్తరం కూడా రాసింది. మొనలు ఒక్క నిమిషంలో కరిగిపోతాయని వారు మర్యాదగా జవాబిచ్చారు. కరిగిపోయేదానిని సూది అనరాదని గున్వర్ తీర్పు చెప్పుకుని, సంతకం పెట్టింది.

ఆమెకు సూది అంటే భయం. తొమ్మిదో ఏట, బడి వ్యాయామశాలలో టీకా వరుసలో నిలబడి, తన వంతు రాకముందే స్పృహ తప్పి, పడుతూ పడుతూ ముందున్న ఇద్దరు పిల్లలను కూడా పడగొట్టింది. ఆ తరవాత ముప్పై నాలుగేళ్ళపాటు పురపాలక సంఘంలో ఆహార తనిఖీ అధికారిణిగా పనిచేసి, పట్టణంలోని వంటశాలలన్నిటినీ గడగడలాడించింది. ఒకేరోజు ఒకే తప్పుకు పెద్ద హోటలునూ, సంతలోని చేపల బండినీ మూయించిన మనిషి ఆమె. అటువంటి మనిషికి సూది భయమని ఒక్కరికీ తెలియదు. టీకాలు వేయించుకోకపోవడం ఆమె సిద్ధాంతమని జనం అనుకున్నారు. ఆమె అనుకోనిచ్చింది.

కిందటి జనవరిలో ఆ సిద్ధాంతం ఆమెను పదకొండు రోజులు మంచాన పడవేసింది. పన్నెండో రోజున గోడ పట్టుకుని నడిచి, తలుపు తెరిచి చూసింది. పదకొండు దినపత్రికలు గడప లోపల పడి ఉన్నాయి. తలుపుకు బయట ఒక చీటీ అంటించి ఉన్నది. "బట్టలుతికే గదిలో సమయం తీసుకుని వాడుకోకపోవడం ఇతరుల పట్ల గౌరవం లేకపోవడమే. దయచేసి ఇకముందు ఇలా చేయకండి." దయచేసి కింద గీత ఉన్నది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి పదకొండు రోజులు కనబడకపోతే ఆ మెట్ల మీద జరిగిన సంచలనం అదొక్కటే. ఆ భవనంలోని ఇళ్ళన్నిటికీ కలిపి ఉన్నది ఆ ఒక్క గదే, అందులో గంటలు వంతులవారీగా ముందే తీసుకోవాలి. చీటీ రాసినవారి వాదన న్యాయమేనని గున్వర్ ఒప్పుకున్నది. తరవాత దానిని మడిచి సొరుగులో దాచుకున్నది. ఆ సంవత్సరం ఆమెకు తోటి మనిషి చేతివ్రాతతో వచ్చిన ఉత్తరం మరొకటి లేదు.

ఆ మంగళవారం పది గంటలకు ఐదు నిమిషాలు ఉందనగా, చొక్కా చేయి పైకి మడిచి, ఏడో నిబంధన దగ్గర ఆగిపోయింది. మూడుసార్లు చదివిన మనిషే. అయినా తనకు సంబంధించదనుకున్న వాక్యాన్ని కన్ను దాటిపోయింది. "పట్టీని వేరొక వయోజనుడు నొక్కవలెను. అరగంట పక్కనే ఉండి, సాక్షిగా సంతకం చేయవలెను."

ఆమె పరిశోధనశాలకు ఫోను చేసింది. లిన్నెయా అనే అమ్మాయి పలికింది.

"ఇంట్లో ఎవరినైనా నొక్కమనండి, సరిపోతుంది" అన్నది లిన్నెయా.

"ఇంట్లో ఎవరూ లేరు."

"పోనీ, స్నేహితులు?"

"ముగ్గురు ఉండేవారు. ముగ్గురూ పోయారు. వయసు వరసలోనే పోయారు, అందులో అన్యాయమేమీ లేదు."

"అయ్యో. మరి ఇరుగుపొరుగు? అక్కడ ఎన్నాళ్ళబట్టి ఉంటున్నారు?"

"ముప్పై ఒక్క ఏళ్ళు."

"ఇంకేమండీ! అందరూ బాగా తెలిసినవాళ్ళే అయ్యుంటారు!"

గున్వర్ ఆలోచించి నిజం చెప్పింది. "వాళ్ళ అడుగుల చప్పుళ్ళు తెలుసు."

లిన్నెయా గొంతు తగ్గించింది. "చూడండి, శుక్రవారం మధ్యాహ్నం పన్నెండులోపల సాక్షి సంతకం ఫోటో మాకు రావాలి. రాకపోతే పట్టీ వెనక్కి పంపేయాలండీ. మీ పేరు పక్కన 'సాక్షి లభ్యం కాలేదు' అని రాసి, మీ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాం. ఏమీ అనుకోకండి, అది కంప్యూటర్లో ఉండే వాక్యం, మేం కొత్తగా రాసేది కాదు."

గున్వర్ ఫోను పెట్టేసింది. జ్వరం వస్తే రానీ. కాని సాక్షి లభ్యం కాలేదు అన్న మూడు మాటలు, తన పేరు పక్కన, ఒక ప్రభుత్వ దస్త్రంలో, అచ్చులో! ఆ సంగతి ఆమెకు తెలియనిది కాదు. అది రుజువు కావడమే ఆమెకు మింగుడుపడలేదు.

ఆ అపార్టుమెంటులో ఎనిమిది ఇళ్ళు. బయటకు వెళ్ళదలచినవారు ముందు తలుపుకు చెవి ఆనించి వినడం, మెట్ల మీద అలికిడి ఉంటే అది పోయేదాకా ఆగడం అక్కడి మర్యాద. ఎవరూ ఎవరికీ నేర్పలేదు, అందరూ పాటిస్తారు. గున్వర్ ఆరోజు ఆ మర్యాదను తిరగవేసి వాడదలచుకున్నది. తలుపు వెనుక నిలబడి, ఎదురింటి మాయ్‌కెన్ గొళ్ళెం తీసిన చప్పుడు వినగానే తనూ తలుపు తెరిచింది.

మాయ్‌కెన్ తలుపు జానెడు తెరుచుకుని, వెంటనే మూసుకున్నది. ఆ సందులోనుంచి ఆమె పొట్టికాళ్ళ కుక్క ముక్కు ఒక్క క్షణం కనిపించింది. గున్వర్ తన తలుపు మూసి మళ్ళీ చెవి ఆనించింది. ఎదుటి తలుపుకు మాయ్‌కెన్ కూడా చెవి ఆనించి ఉంటుందని ఆమెకు తెలుసు. ఇద్దరు ఆడవాళ్ళు మూడు గజాల దూరంలో, ఒకరి ఊపిరి ఒకరు వింటూ, పదిహేను నిమిషాలు నిలబడ్డారు. మధ్యలో కుక్క మూలిగింది. చివరికి, పాపం అది పొద్దుటినుంచి బయటకు పోలేదని జాలిపడి, గున్వరే అడుగుల చప్పుడు చేసుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇక మిగిలినది చీటీ. బట్టలుతికే గదిలో, ఎవరి గంటలు ఎవరివో తాళంకప్పలతో గుర్తుపెట్టుకునే బోర్డు పక్కన, చీటీల బోర్డు ఒకటి ఉన్నది. ముప్పై ఒక్క ఏళ్ళలో దాని మీద సగం చీటీలు గున్వర్‌వే. యంత్రం జల్లెడలో బట్టల పీచు వదిలేసినవారి గురించి, సబ్బు ఒలికించినవారి గురించి, నీలి సిరాతో, స్కేలు పెట్టి గీసిన పంక్తుల మీద. ఆమెకు తెలిసిన చీటీ పద్ధతి అదొక్కటే. అందుచేత ఆమె ఇలా రాసింది:

"ఈ భవనంలోని వయోజనులలో ఒకరు గురువారం ఉదయం పది గంటలకు మా ఇంటికి రావలెను. అరగంట పడుతుంది. చేతులు సబ్బుతో కడుక్కుని రావలెను. చివర సంతకం చేయవలసి ఉంటుంది. దయచేసి. గున్వర్, రెండవ అంతస్తు."

టీకా అని రాయలేదు. ఒంటి సంగతులు బోర్డు మీద పెట్టడం సభ్యత కాదు. రాసినదానిని దూరంగా పెట్టి చూసుకుంటే కొంచెం కటువుగా తోచింది. మెత్తగా చేయాలని "దయచేసి" కింద గీత గీసింది.

ఆ భవనంలో దయచేసి కింద గీత పడిందంటే, రాసినవారి ఓర్పు అక్కడికి అయిపోయిందని అర్థం. ఆ అర్థాన్ని అలవాటు చేసినది గున్వరే. ఆ మాట ఆమెకు ఆ క్షణంలో గుర్తు రాలేదు.

బుధవారం ఉదయం ఆమె బోర్డు చూడడానికి దిగింది. ఎవరైనా "నేను వస్తాను" అని రాసి ఉంటారని ఆశ. తన చీటీ కింద మూడు చీటీలు వెలిశాయి. టైపు చేసిన మొదటిదానిలో "రెండవ యంత్రంలో దొరికిన ఆకుపచ్చ పోగులు పడవ టార్పాలిన్‌వి అనడానికి ఆధారాలు లేవు" అని ఉన్నది. పడవ ఉన్నది ఒక్క రోల్ఫ్‌కే. రైలు గార్డుగా పనిచేసి పదవీ విరమణ చేసి, ఇప్పుడు ఆ భవన సంఘానికి అధ్యక్షుడుగా ఉన్న పెద్దమనిషి. రెండవది: "కుక్క వెంట్రుకలు గాలికి కూడా వస్తాయి." మూడవదానిలో పై అంతస్తు తెక్లే, "నా బస్సు డ్యూటీ రాత్రి తొమ్మిదికి దిగుతుంది. ఆ తరవాత ఒకసారి యంత్రం వేసిన మాట నిజం. క్షమించాలి" అని రాశాడు. ఆ భవనంలో చీటీ కింద క్షమాపణ రాసిన మొదటి మనిషి అతడే. ఎరిత్రియా నుంచి వచ్చి ఏడేళ్ళే అయింది, అతనికి ఇంకా పద్ధతులు పూర్తిగా పట్టుబడలేదు.

గున్వర్ మూడూ చదివి, మూడు నేరాలనూ పాత అలవాటుకొద్దీ మనసులో నమోదు చేసుకున్నది. తరవాత అపార్థం జరిగిందని గ్రహించి రెండో చీటీ అంటించింది. "ఇది బట్టల సంగతి కాదు. స్వంత విషయం. ఒక్కరు చాలు. ఎవరన్నది మీలో మీరే తేల్చుకోండి."

ఆ చీటీ చేసిన పని తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు, గున్వర్‌కు తప్ప. బట్టల సంగతైతే ఏదో ఒక శిక్షతో పోతుంది. స్వంత విషయమంటే అది కోర్టు వరకూ వెళ్ళేదేనని మాయ్‌కెన్ అధ్యక్షుడికి ఫోను చేసింది. ఆరోజు సాయంత్రం గున్వర్ వంటింట్లో బాదం బిస్కెట్లు పొయ్యిలో పెడుతుండగా, మెట్ల మీద తలుపులకు ఉత్తరాలు లోపలికి తోసే సందుల తపాలా రేకులు ఒక్కొక్కటే టప్‌మని మోగాయి. పైనుంచి కిందికి ఏడు చప్పుళ్ళు. ఆమె అలవాటుగా లెక్కపెట్టింది. ఎనిమిదో చప్పుడు రాలేదు. తన తలుపు మీద "ప్రకటనల కాగితాలు వద్దు" అన్న పలక ఉన్నది కదా, దానిని ఎవరో గౌరవించారని సంతోషించింది.

ఇంటికి మనిషి వస్తే ఏడు రకాల బిస్కెట్లు పెట్టాలని ఆమె తల్లి నేర్పింది. అతిథి ఒక్కరైనా సరే, ఏడు ఏడే. అర్ధచంద్రాలు, జామ్ నింపినవి, ఏలకులవి, ఓట్స్‌వి. చివరిసారిగా ఆమె ఏడు రకాలు చేసి పదహారేళ్ళయింది. రెండింటికి కొలతలు మరిచిపోయి పుస్తకం వెతుక్కున్నది.

గురువారం పది కావస్తుండగా మెట్లు మోగసాగాయి. పై తలుపులు తెరుచుకున్నాయి. తెక్లే బరువైన బూట్లు, నాలుగో అంతస్తు ఆయన మెత్తని అడుగులు, ఎదుటి కుక్క గోళ్ళ చప్పుడు. ఒక్కరు చాలని రాస్తే అందరూ వస్తున్నారు! కప్పులు చాలవేమోనని గున్వర్ బీరువా వైపు చూసింది. అడుగులు ఆమె తలుపు ముందుకు వచ్చాయి. తలుపు ముందు మరీ మెల్లబడ్డాయి. అలాగే మునివేళ్ళ మీద దాటిపోయి, కిందికి దిగిపోయాయి.

ఆమె కాఫీ గిన్నె మీద మూత పెట్టి కూర్చున్నది. పది దాటింది. పదీ పావు దాటింది. భవనంలో ఏ పంపూ మోగలేదు, ఏ కుర్చీ జరగలేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో అంత నిశ్శబ్దం ఆమె ఎరుగదు. పదీ ఇరవైకి లేచి, పట్టీ కవరునూ సాక్షి కాగితాన్నీ చేతపట్టుకుని మెట్లు దిగింది.

బట్టలుతికే గది తలుపు కొంచెం తెరిచి ఉన్నది. లోపల ఆరవేసే తీగల కింద ఇంటికొకరు చొప్పున ఏడుగురూ నిలబడి ఉన్నారు. "అత్యవసర సర్వసభ్య సమావేశం" అన్న కాగితం రోల్ఫ్ చేతిలో ఉన్నది. నిన్న మోగిన ఏడు తపాలా రేకులు ఏమిటో గున్వర్‌కు అప్పుడు అర్థమయింది.

"ఒక్కరు చాలని ఆవిడే రాసింది కదా" అంటున్నాడు రోల్ఫ్. "ఒక్కరు నెత్తిన వేసుకుంటే మిగతావాళ్ళం బతికిపోతాం."

"అయితే మీరే వెళ్ళండి. అధ్యక్షులు కదా!" అన్నది మాయ్‌కెన్.

"అధ్యక్షుడు వెళ్తే సంఘమంతా తప్పు ఒప్పుకున్నట్టవుతుందమ్మా. ఆ మాత్రం తెలియదా?"

"తప్పేంటో తెలుసా అండీ మనకి?" అన్నాడు తెక్లే.

"తెలియకపోతే ఏం? ఏదో ఒకటి చేసే ఉంటాం. ఆవిడకి తెలిసే ఉంటుంది."

"చేతులు కడుక్కుని రమ్మంది చూశారా" అని మాయ్‌కెన్ కుక్కను గుండెలకు హత్తుకున్నది. "వేలిముద్రలు తీసుకుంటుంది! ఆ పైన సంతకం! నలభై ఏళ్ళు వంటిళ్ళు మూయించిన మనిషండీ, మన ఇళ్ళు మూయించలేదా?"

ముప్పై నాలుగేళ్ళు, అని గున్వర్ మనసులో దిద్దింది.

నాలుగో అంతస్తు ఆయన గొంతు సవరించుకున్నాడు. "పోయిన జనవరిలో ఆవిడ తలుపుకి చీటీ పెట్టిందెవరు? గంటలు తీసుకుని వాడుకోలేదని? దానికే ఈ పగంతా."

"నేనే" అన్నది మాయ్‌కెన్. "మరి మూడు గంటలు యంత్రాలు ఊరికే పడి ఉన్నాయి! ఎవరికైనా ఒళ్ళు మండదూ?"

"ఆవిడ ఎందుకు రాలేదో అడిగారా?" అన్నాడు తెక్లే.

"అడగడమా?"

"తలుపు కొట్టి."

"నువ్వు కొత్తవాడివి బాబూ, నీకు తెలియదు" అన్నాడు రోల్ఫ్, ఓపికగా. "తలుపు కొడితే పలకరించినట్టవుతుంది. ముప్పై ఏళ్ళు పలకరించకుండా ఉండి, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని మొదలుపెడతాం?"

ఎవరూ నవ్వలేదు. అది వారికి హాస్యం కాదు, ఉన్న సంగతి. తలుపు వెనుక గున్వర్ కూడా తల ఊపింది.

చివరికి చీట్లు వేయడానికి నిశ్చయమయింది. ఒక గుడ్డసంచిలో ఏడు బట్టల క్లిప్పులు వేశారు. ఆరు తెల్లవి, ఒకటి ఎర్రది. ఎర్రది వచ్చినవారు రెండో అంతస్తుకు వెళ్ళాలి. రోల్ఫ్ కళ్ళు మూసుకుని, సంచిని బాగా కుదిపి, మొదటి మనిషి ముందుకు చాచాడు. ఆ మొదటి మనిషి, అప్పుడే తలుపు తోసుకుని లోపలికి వచ్చిన గున్వర్.

ఆమె సంచిలో చేయి పెట్టింది. చాచినదానిలో చేయి పెట్టి చూడడం తనిఖీ అధికారి అలవాటు. చేయి బయటకు వచ్చేసరికి అందులో ఎర్ర క్లిప్పు ఉన్నది.

రోల్ఫ్ కళ్ళు తెరిచాడు. మాయ్‌కెన్ చేతిలోనుంచి కుక్క జారి కిందికి దూకింది.

"ఈ సమావేశం చెల్లదు" అన్నది గున్వర్. "రెండు వారాల ముందు నోటీసు ఇవ్వాలి. ఎనిమిది ఇళ్ళకీ ఇవ్వాలి." ఆ గొంతుకు ఏడుగురూ సర్దుకుని నిలబడ్డారు. ఆమె క్లిప్పు వైపు చూసింది. "కానీ చీట్లు మాత్రం న్యాయంగానే వేశారు. దీని ప్రకారం మా ఇంటికి నేనే వెళ్ళాలి. రోజూ చేస్తున్న పనే. దానివల్ల లాభం లేదు, ఇంకొకరు కావాలి."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. గున్వర్ పట్టీ కవరు తెరిచింది. ఏం చెప్పాలో మెట్లు దిగుతూ అనుకున్న వాక్యాలు ఒక్కటీ రాలేదు. అరవై అయిదేళ్ళుగా ఎవరికీ చెప్పని వాక్యం వచ్చింది.

"నాకు సూదంటే భయం."

మొదట నవ్వినవాడు తెక్లే. ఆ నవ్వులో ఎగతాళి లేదు, భారం దిగినట్టుగా ఉన్నది. "ఇంతేనామ్మా? ఇదేనా?"

"ఇది సూది లేని టీకా. నొక్కాలి. అరగంట కూర్చోవాలి. సంతకం పెట్టాలి. ఒక్కరు దొరికితే చాలు."

"అబ్బ! నేను కోర్టు కాగితమనుకుని రాత్రంతా కంటిమీద కునుకు లేకుండా..." అని మాయ్‌కెన్ బల్ల మీద కూలబడింది. తరవాత గభాలున లేచింది. "ఇలా ఇవ్వండి, నేను నొక్కుతాను. కుక్కకి మెడమీద మందు పెట్టేది నేనే, నాకు అలవాటు."

"కుక్కకీ మనిషికీ తేడా లేదా ఏమిటమ్మా?" అన్నాడు రోల్ఫ్. "ఇలాంటివి అధ్యక్షుడు చెయ్యాలి."

"ఇందాక అధ్యక్షుడు వెళ్ళకూడదన్నారుగా!"

"అది తప్పు ఒప్పుకోవడానికి. ఇది సేవ."

సమావేశం చెల్లదని తేలినా, ఓటింగు జరిగింది. బస్సు స్టీరింగు తిప్పి తిప్పి గట్టిపడిన బొటనవేలు కనుక తెక్లేకు ఐదు ఓట్లు వచ్చాయి. అతడు చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాడు. గున్వర్ కళ్ళు గట్టిగా మూసుకుని చేయి చాచింది. మాయ్‌కెన్, ఎవరూ అడగకుండానే, ఆమె రెండో చేయి పట్టుకున్నది. టక్‌మని చిన్న చప్పుడయింది.

"అయిపోయిందా?" అన్నది గున్వర్, కళ్ళు తెరవకుండా.

"అయిపోయిందమ్మా. చీమ కుట్టినంత లేదు కదూ?"

"చీమ కుడుతుంది. ఇది కుట్టలేదు" అన్నది ఆమె, కచ్చితత్వం కోసం.

అరగంట ఆమె ఇంట్లోనే గడిచింది. ఏడుగురు వచ్చారు, ఏడు రకాలున్నాయి. ముప్పై ఏళ్ళుగా ఆ గుమ్మం ఎరుగనివారు గోడలను చూస్తూ, ఇక్కడ కూడా కిటికీ అదే వైపు ఉన్నదని మెచ్చుకున్నారు. వాతావరణం గురించి మాట్లాడారు. అది అయిపోయాక రోల్ఫ్ ఏలకుల బిస్కెట్టు మింగి, "టార్పాలిన్ నాదే" అన్నాడు.

"తెలుసు" అన్నది గున్వర్.

"కుక్క దుప్పట్లు..." అన్నది మాయ్‌కెన్.

"తొమ్మిది నెలలుగా తెలుసు."

"మరి చీటీ పెట్టలేదేం?"

గున్వర్ కప్పులోకి చూసింది. "జనవరి తరవాత చీటీలు రాయాలనిపించలేదు" అన్నది. మాయ్‌కెన్ ఆ తరవాత బిస్కెట్టు ముట్టలేదు.

అరగంట అని చీటీలో రాసి ఉన్నది కనుక, సరిగ్గా ముప్పయ్యో నిమిషాన ఏడుగురూ లేచారు. సాక్షి కాగితంలో ఉన్న ఒకే గీత మీద ఏడు సంతకాలు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కాయి. తలుపు మూసుకున్నది. మెట్ల మీద అడుగులు ఎటువారివి అటు వెళ్ళిపోయాయి. గున్వర్ ఎనిమిది కప్పులు కడిగింది. అన్నేసి కప్పులు ఒకేసారి తడిగా బోర్లించి ఉండడం చూసి, తుడవకుండా సాయంత్రం దాకా అలాగే ఉంచింది.

ఫోటో చూసి లిన్నెయా ఫోను చేసింది. "ఒక్కరు చాలన్నాం కదండీ?"

"ఒక్కరు దొరకలేదు. ఏడుగురు దొరికారు" అన్నది గున్వర్.

శనివారం ఆమె బయటకు వెళ్ళడానికి గొళ్ళెం తీసింది. ఎదుట మాయ్‌కెన్ తలుపు జానెడు తెరుచుకుని, ఆగి, మర్యాదగా మూసుకున్నది. సోమవారం తెక్లే బూట్లు ఆమె తలుపు ముందు ఒక క్షణం నిలబడి, ఇక కారణమేమీ లేదు గనుక, పైకి వెళ్ళిపోయాయి. కిటికీలలో డిసెంబరు పండుగ దీపాలు వెలిగాయి, ఆరిపోయాయి. ముప్పై ఒక్క ఏళ్ళ పద్ధతి అరగంటకు మారేది కాదని గున్వర్‌కు తెలుసు. మారాలని కోరే హక్కు తనకు లేదని కూడా ఆమె తీర్పు చెప్పుకున్నది. అయినా ఎనిమిది కప్పులను బీరువాలో పై అరనుంచి కింది అరకు మార్చింది.

జనవరి రెండో వారంలో ఆమెకు జ్వరం వచ్చింది. మూడో రోజు ఉదయం, కిందటి సంవత్సరంలాగే, పైకప్పు వైపు చూస్తూ పడుకుని ఉండగా తపాలా రేకు టప్‌మన్నది. పత్రిక కాదు. రేకు పైకి లేచి అలాగే నిలబడింది. అందులోనుంచి మొదట ఒక నల్లటి తడి ముక్కు, తరవాత తెక్లే గొంతు వచ్చాయి.

"అమ్మా! గున్వరమ్మా! తలుపు తీయగలరా, బద్దలు కొట్టమంటారా?"

"బద్దలు కొట్టాలంటే సంఘం అనుమతి కావాలి" అన్నది గున్వర్, మంచం మీదనుంచే.

"అధ్యక్షుడు ఇక్కడే ఉన్నాడు!" అని రోల్ఫ్ అరిచాడు.

ఆమె గోడ పట్టుకుని వచ్చి తలుపు తీసింది. తెక్లే చేతిలో కారం సువాసన వేసే పప్పు గిన్నె ఉన్నది. మాయ్‌కెన్ వంగి, గడప లోపలి పత్రికలను ఏరుతూ పరిశోధనశాల ఉత్తరం చూసి, అడిగి కవరు చింపింది. చదివి, మళ్ళీ చదివి, నడుం మీద చేయి వేసుకున్నది.

"వినండి! మీ పట్టీలో మందు లేదట! ఉత్త పట్టీ! దీనికా మేమందరం చేతులు కడుక్కుంది?"

"సగంమందికి ఉత్తదే అని ముందే రాశారు" అన్నది గున్వర్, దుప్పటి కప్పుకుంటూ. "న్యాయమే."

"అసలుది మళ్ళీ పంపిస్తారట, ఒళ్ళు బాగుపడ్డాక. సాక్షి కావాలట."

"ఈసారి రెండు వారాల ముందే నోటీసిస్తాను" అన్నాడు రోల్ఫ్. "ఎనిమిది ఇళ్ళకీ."

గున్వర్ పప్పు రెండు చెంచాలు తిన్నది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారం ఎక్కువైందని చెప్పింది. ఆ మీదట, "నాకు ఒంట్లో బాగాలేదని మీకెవరు చెప్పారు?" అని అడిగింది.

మాయ్‌కెన్ కుక్క వైపు చూస్తూ, కోటు జేబులోనుంచి ఒక చీటీ తీసి మంచం మీద పెట్టింది. నిన్న బట్టల గది బోర్డు మీద అంటించినది. "గున్వర్ గారు తీసుకున్న సమయం వాడుకోలేదు. యంత్రాలు మూడు గంటలు ఖాళీగా ఉన్నాయి. ఎవరో ఒకరు వెంటనే వెళ్ళి ఆమెను చూడవలెను. దయచేసి." దయచేసి కింద గీత ఉన్నది.

గున్వర్ ఆ చీటీని చాలాసేపు చూసింది. అద్దాలు తెప్పించుకుని మళ్ళీ చూసింది. తరవాత దానిని మడిచి, సొరుగులో, పాత చీటీ పక్కన పెట్టింది.

"గీతకి స్కేలు పెట్టలేదు" అన్నది.